మెట్లు దిగాక నీళ్లుండాలి

అమీర్‌పేటలో నీళ్ల ప్రస్తావన వస్తే ముందు వినిపించేది ట్యాంకర్ మాటే. హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు, గదికి నలుగురైదుగురు పిల్లలు. ఎండలు ముదిరేసరికి నల్లా చాలదు, బోరు గాలి కొడుతుంది, పొద్దున్నే ఇరుకు సందుల్లోకి ట్యాంకర్లు వెనక్కి వెనక్కి వస్తుంటాయి. అక్కడికి నడిచి వెళ్లేంత దూరంలో బల్కంపేట ఎల్లమ్మ గుడి ఉంది. ఆ తల్లి గద్దె మీద కొలువుదీరలేదు. భూమట్టానికి దాదాపు పది అడుగుల కింద, బావిలో పవళించి ఉంది. పొలంలో బావి తవ్వుతుంటే విగ్రహం కనిపించిందనీ, పైకి తీయబోతే కదల్లేదనీ, అక్కడే కొలవడం మొదలుపెట్టారనీ స్థలపురాణం. బావి నీటినే తీర్థంగా తీసుకుంటారు, సీసాల్లో పట్టుకుని ఇళ్లకు తీసుకెళ్తారు. ఆషాఢంలో కల్యాణం జరిగే రోజున అమీర్‌పేట చుట్టుపక్కల ట్రాఫిక్ అంతా దారి మళ్లుతుంది.

నిర్మాణ శాస్త్రం చదివినవాళ్లు దీన్ని మెట్లబావి అనరు. అంచెలంచెల మెట్లు లేవు, మంటపాల వరస లేదు. అయినా పంజాగుట్ట, అమీర్‌పేట ప్రాంతంలో నిలబడి మెట్లబావుల గురించి ఆలోచించేవాడికి ఇది తప్పించుకోలేని ఉదాహరణ. చుట్టూ తోటలు పోయాయి, పొలాలు పోయాయి, వాటికి నీళ్లు పోసిన బావులన్నీ పోయాయి. దీన్ని మాత్రం ఎవరూ పూడ్చలేదు. దీనికి రోజూ పని ఉంది. బావి బతకడానికి అందం కంటే పని ముఖ్యమని నా నమ్మకం. గత పదేళ్లుగా తెలంగాణలో మెట్లబావుల పునరుద్ధరణ గురించి వచ్చిన వార్తలు, ఫొటోలు, ప్రారంభోత్సవాలు చూస్తున్నకొద్దీ ఆ నమ్మకం బలపడింది.

అసలు బావికి మెట్లెందుకు? తాడూ బొక్కెనా ఉంటే చాలదా? సమాధానం మన వానల్లో ఉంది. హైదరాబాద్‌లో ఏడాదికి కురిసే దాదాపు 800 మిల్లీమీటర్లలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబర్ మధ్యే పడుతుంది. కింద ఉన్నది గ్రానైట్. నీళ్లు నిలిచేది పైన చివికిన పొరలోనూ, దాని కింద రాతి పగుళ్లలోనూ. ఇసుక నేలల్లా ఇది విశాలమైన నిల్వ కాదు. వాన పడితే త్వరగా నిండుతుంది, వాడితే త్వరగా తగ్గుతుంది. భాద్రపదంలో చేయి చాపితే అందే నీరు వైశాఖానికి పాతాళానికి దిగుతుంది. అంత తేడా ఉన్నచోట నీటిమట్టం ఎక్కడుంటే అక్కడిదాకా మనిషే నడిచి వెళ్లే ఏర్పాటు మెట్లబావి. తాడు పొడుగు కొలుచుకోనక్కర్లేదు, గిలక అక్కర్లేదు, వంగి కడవ ముంచుకుంటే చాలు. బావి నిండుగా ఉన్నప్పుడు మెట్లలో చాలా భాగం నీళ్లలోనే ఉంటుంది. అవి బయటపడేది కరువు ముదిరినప్పుడు. కట్టినవాళ్లు మంచి ఏడాదిని కాకుండా చెడ్డ ఏడాదిని మనసులో పెట్టుకుని కట్టారని దీన్నిబట్టే తెలుస్తుంది.

ఈ ఆలోచన చాలా పాతది. కచ్ ప్రాంతంలోని ధోలావీరాలో హరప్పా నాటి జలాశయాల్లోకే రాతి మెట్లున్నాయి. కానీ మెట్లబావి అనగానే దేశం మొత్తానికీ గుర్తొచ్చేది మధ్యయుగపు గుజరాత్. పాటణ్‌లోని రాణీ కీ వావ్‌ను 11వ శతాబ్దంలో రాణి ఉదయమతి, భర్త మొదటి భీమదేవుడి జ్ఞాపకంగా కట్టించింది. ఏడు అంచెలు, వందలాది శిల్పాలు. సరస్వతి నది వరదలు తెచ్చిన ఒండ్రు కింద కొన్ని శతాబ్దాలు పూడిపోయి ఉంది. ఆ ఒండ్రే శిల్పాలను కాపాడింది. 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది, 2018లో వచ్చిన ఊదారంగు వంద నోటు వెనకకెక్కింది. అడాలజ్ బావి 1499 నాటిది. రాజస్థాన్ ఆభానేరిలోని చాంద్ బావడీలో 13 అంచెల్లో మూడువేల ఐదువందల మెట్లున్నాయంటారు.

వీటి గురించి మంచి పుస్తకాలే వచ్చాయి. జుట్టా జైన్-నూబావర్ 1981లో గుజరాత్ బావులను కళాచరిత్ర కోణంలో పరిశీలించింది. మోర్నా లివింగ్‌స్టన్ 2002లో, విక్టోరియా లాట్‌మన్ 2017లో ఫొటోలతో సహా పుస్తకాలు తెచ్చారు. దేశీయ జలజ్ఞానం గురించి హిందీలో అనుపమ్ మిశ్ర 1993లో రాసిన చెరువుల పుస్తకం ఈ రంగంలో అడుగుపెట్టే ప్రతి ఒక్కరూ చదివేది. చిక్కల్లా ఏమిటంటే, ఈ చర్చలో దక్కన్‌కు దక్కే చోటు తక్కువ. గుజరాత్ కొలతతో కొలిస్తే మన బావులు మొరటుగా, శిల్పం లేని రాతి గుంతల్లా కనిపిస్తాయి. అది కొలత తప్పు.

గుజరాత్ బావుల్లో ఒకదాని మీద ఒకటిగా కనిపించే స్తంభాల మంటపాలు నీడ కోసం, శిల్పం కోసం మాత్రమే పెట్టినవి కావు. ఆ నేల ఒండ్రు, ఇసుక. పొడవాటి కందకంలా తవ్వి మెట్లు దించితే రెండు పక్కల గోడలూ లోపలికి ఒరిగిపోవాలని చూస్తాయి. మధ్యలో అడ్డంగా నిలిచే ఆ మంటపాల దూలాలు ఒక గోడను రెండో గోడతో ఆపి ఉంచుతాయి. ఇంజనీరింగ్ అవసరం నుంచే అక్కడ శిల్పానికి వేదిక దొరికింది. తెలంగాణలో పరిస్థితి వేరు. కొంత లోతు దిగాక బండ వస్తుంది, అది తనంతట తానే నిలబడుతుంది. పై భాగంలోని మెత్తని నేలను ఆపడానికి రాతి కట్టుబడి చాలు. అందుకే మన బావుల్లో ఎక్కువ భాగం చతురస్రంగానో దీర్ఘచతురస్రంగానో ఉండి, ఒకవైపు నుంచి మెట్లు దిగుతాయి. కొన్నిచోట్ల మెట్లు ఎల్ ఆకారంలో మలుపు తిరుగుతాయి. కొన్నింట చుట్టూ కమానుల వరండాలుంటాయి. ఎండన పడి వచ్చినవాళ్లు కూర్చోవడానికి, వ్యాపారుల బిడారాలు బస చేయడానికి అవి పనికొచ్చేవి. బండను చీల్చి తవ్విందీ, రాళ్లు మోసిందీ వడ్డెరలు. కట్టించినవారి పేర్లు కొన్ని మిగిలాయి, తవ్వినవాళ్ల పేర్లు ఒక్కటీ లేదు.

మెట్లను చూసి మురిసిపోయేవాళ్లు తరచు పట్టించుకోని భాగం ఒకటుంది. మెట్లకు ఎదురుగానో పక్కగానో ఉండే ఎత్తైన గోడ, దాని మీద ముందుకు పొడుచుకొచ్చిన రెండు రాతి దిమ్మెలు, వాటికి రంధ్రాలు, వెనక ఏటవాలుగా దిగే బాట. అది మోట కొట్టే చోటు. నా లెక్కలో దక్కన్ మెట్లబావికి గుండెకాయ అదే. తోలుతో కుట్టిన పెద్ద సంచి, దాని అడుగున తొండం. రాతి దిమ్మెల మధ్య బిగించిన గిలక మీదుగా వెళ్లే మోకు సంచికి, కింది గిలక మీదుగా పోయే సన్నటి తాడు తొండానికి. ఎద్దులు ఏటవాలు బాట మీద కిందికి దిగుతుంటే సంచి పైకి లేస్తుంది. బరువు కోసం మోట తోలేవాడు మోకు మీద కూర్చుంటాడు. సంచి గట్టు దాటేసరికి తొండం తాడు లాగినట్టయి, నీళ్లన్నీ తొట్టిలోకి దూకుతాయి. ఎద్దులు వెనక్కి నడుస్తూ ఎక్కుతాయి, సంచి మళ్లీ బావిలోకి. పొద్దు పొడవక ముందు మొదలై ఎండ ఎక్కేదాకా ఇదే పని. నూనె లేదు, కరెంటు లేదు. గంటకు ఎంత నీరు తోడగలరో ఎద్దుల సత్తువే తేల్చేది. కాబట్టి బావిలో ఊరేదాని కంటే ఎక్కువ తోడే ప్రమాదం దాదాపు ఉండేది కాదు. బోరు మోటారుకూ మోటకూ ఉన్న తేడా ఇక్కడే ఉంది.

అంటే ఒక్క బావిలోనే రెండు దారులు. మెట్ల వైపు మనుషులకు, తాగే నీటికి. మోట వైపు తోటకు, పొలానికి. గోల్కొండ పక్కన కుతుబ్‌షాహీ సమాధుల ప్రాంగణంలో ఈ ఏర్పాటు ఇప్పటికీ కళ్లకు కడుతుంది. అక్కడి బావుల్లో పెద్దదాన్ని బడీ బావలీ అంటారు. ఎద్దులు తోడిన నీరు కాలువల ద్వారా తోటలకు వెళ్లేది. హమామ్‌కు దగ్గర్లో మరో బావి ఉంది. మృతదేహాలకు స్నానం చేయించే ఆ హమామ్‌కు చన్నీళ్లూ వేడినీళ్లూ కావాలి, అదీ ఆగకుండా. రాజుల సమాధుల మీద గుమ్మటాలు కట్టడానికి ముందు నీటి ఏర్పాటు ఆలోచించారని ఆ ప్రాంగణం తిరిగితే అర్థమవుతుంది. టూరిస్టులు మాత్రం గుమ్మటాల దగ్గరే ఆగిపోతారు.

బావిని ఒంటరిగా చూడటం మరో పొరపాటు. తెలుగు నేల మీద బావి చెరువుకు తోడుగా పుట్టింది. కాకతీయులు, వారి సామంతులు పాకాల, రామప్ప, లక్నవరం లాంటి చెరువులు కట్టారు. కట్ట వెనక నిలిచిన నీరు నేలలోకి ఇంకి, దిగువన ఉన్న బావుల్లో ఊటగా తేలేది. చెరువు ఎండినా కొన్ని నెలలపాటు బావులు ఆదుకునేవి. ఓరుగల్లు కోట దగ్గర శృంగార బావి, అక్కాచెల్లెళ్ల బావి, శివనగర్‌లోని మెట్లబావి ఈ సంప్రదాయంలోవే. శివనగర్ బావిలో స్తంభాల వరసలు చూస్తే గుడి కట్టిన చేతులే దీన్నీ కట్టాయని ఎవరూ చెప్పనక్కర్లేదు. హైదరాబాద్‌లో కూడా ఇదే తర్కం. చార్మినార్ కంటే ముందు, 1562లో, ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో హుస్సేన్ సాగర్ వచ్చింది. ఖైరతాబాద్ మీదుగా పారే బల్కాపూర్ నాలా, అమీర్‌పేట పక్కనుంచి పోయే కూకట్‌పల్లి నాలా ఆ చెరువులోకే చేరుతాయి. ఇవాళ మురుగు కాలువలుగా పేరుమోసిన ఈ రెండూ ఒకప్పుడు వాననీటి దారులు. వాటి చుట్టూ తోటలు, దేవిడీలు, వాటి బావులు. దూద్‌బౌలి, పుత్లీబౌలి, రేతిబౌలి, గచ్చిబౌలి అని సిటీ బస్సు బోర్డుల మీద రోజూ చదువుతూనే ఉంటాం. బౌలి అంటే బావే. ఎక్కువ మంది ప్రయాణికులకు అవి స్టాపులే.

కట్టించినవాళ్లలో ఆడవాళ్లు ఎక్కువగా కనిపించడం యాదృచ్ఛికం అనిపించదు. పాటణ్‌లో ఉదయమతి, అడాలజ్‌లో రుదాబాయి. హైదరాబాద్‌లో మహ్లఖా బాయి చందా. 1768లో పుట్టి 1824లో కన్నుమూసిన ఈ ఉర్దూ కవయిత్రి, నిజాం దర్బారులో నర్తకి, జాగీర్లు ఏలిన మనిషి. ఇప్పటి ఉస్మానియా, ఇఫ్లూ విశ్వవిద్యాలయాలు ఉన్న భూమిలో ఒకప్పుడు ఆమె జాగీరు ఉండేది. అక్కడి పాత మెట్లబావిని ఆమె కట్టించిందనే చెబుతారు. పండితులు దీనికి పుణ్యం, పేరు, భర్త జ్ఞాపకం అని కారణాలు రాస్తారు. నాకు ఇంకో మామూలు కారణం తోస్తుంది. నీళ్లు మోసేది ఆడవాళ్లు. ఇంట్లో ఎంతమంది దాసీలున్నా ఏ ఋతువులో కడవ ఎంత దూరం వెళ్తుందో ఆ ఇంటి ఆడమనిషికి తెలుస్తుంది. మెట్లబావి ఆడవాళ్లకు నీటితోపాటు కాసేపు ఇల్లు వదిలి కూర్చునే చోటు కూడా ఇచ్చింది. అత్తల మీద ఫిర్యాదులు, పెళ్లి సంబంధాలు, ఊరి సంగతులు అన్నీ ఆ మెట్ల మీదే తేలేవి.

ఇక్కడితో ఆగితే అబద్ధం చెప్పినట్టవుతుంది. ఆ మెట్లు అందరివీ కావు. చేదబావి దగ్గర గట్టు మీద నిలబడి పైవాళ్లు పోస్తే పట్టుకునే అవమానం ఉండేది. మెట్లబావిలో కాలు నీటిని తాకుతుంది కాబట్టి కట్టుబాటు ఇంకా కఠినం. ఊరి బావి వేరు, వాడ బావి వేరు. మోట సంచికి తోలు పదును చేసి కుట్టేది మాదిగవారు. వాళ్ల చేతి తోలు రోజూ వందలసార్లు బావిలో మునిగి లేచేది, పొలాలు పండేవి. అదే చేయి మెట్లు దిగి దోసిలి పట్టడానికి వీల్లేదు. 1927 మార్చి 20న మహాడ్‌లో అంబేడ్కర్ చవదార్ చెరువు నీళ్లు తాగి చేసిన సత్యాగ్రహం ఈ కట్టుబాటు మీదే. మెట్లబావిని ఊరందరి ఉమ్మడి సంపదగా వర్ణించే వ్యాసాలు ఈ మధ్య ఎక్కువయ్యాయి. ఎవరి ఉమ్మడి అని అడగకుండా ఆ మాట రాయకూడదు.

మెట్లబావులు ఎందుకు మూతపడ్డాయన్న ప్రశ్నకు నల్లా వచ్చింది, బోరు వచ్చింది అని చటుక్కున జవాబు చెబుతారు. అది సగమే నిజం. మిగతా సగం పేరు నారికురుపు. ఈ రోగం తెలిసిన తరం ఇంకా పల్లెల్లో ఉంది. కాలి మీద బొబ్బ లేచి, మంట తట్టుకోలేక మనిషి నీళ్లలో కాలు పెడతాడు. బొబ్బ పగిలి, లోపలున్న ఆడపురుగు వేలాది పిల్లలను నీటిలోకి వదులుతుంది. వాటిని సైక్లాప్స్ అనే అతిచిన్న నీటిజీవి మింగుతుంది. ఆ నీళ్లు వడగట్టకుండా తాగిన మనిషి కడుపులో పురుగు పెరిగి, దాదాపు ఏడాది తర్వాత మీటరు దాకా పొడవై, మళ్లీ కాలు చీల్చుకుని బయటికి వస్తుంది. పుల్లకు చుట్టుకుంటూ రోజుకు కొంచెం కొంచెం లాగడం తప్ప మందు లేదు. ఈ చక్రం తిరగాలంటే మనిషి కాలు తాగే నీటిని తాకాలి. మెట్లబావి అందుకు అచ్చంగా సరిపోయింది. ఏ మెట్ల వల్ల నీరు అందరికీ అందిందో ఆ మెట్ల వల్లే రోగమూ అందింది.

1983-84లో జాతీయ నిర్మూలన కార్యక్రమం మొదలైంది. రోగమున్న ఏడు రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. మెట్లు మూసి గట్టు లేపి చేదబావులుగా మార్చడం, చేతిపంపులు వేయడం, నీళ్లను గుడ్డతో వడగట్టమని ఇంటింటికీ తిరిగి చెప్పడం ఆ కార్యక్రమంలో భాగాలు. దేశంలో చివరి కేసు 1996లో రాజస్థాన్‌లో నమోదైంది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌ను నారికురుపు లేని దేశంగా ప్రకటించింది. స్వతంత్ర భారతంలో ప్రజారోగ్యం గెలిచిన పెద్ద పోరాటాల్లో ఇదొకటి. అందుకే పూర్వీకుల జ్ఞానాన్ని మనం మూర్ఖంగా పాతిపెట్టామనే రకం విలాపం నాకు మింగుడుపడదు. కొన్ని మెట్లు మూయడానికి బలమైన కారణమే ఉంది. మూసిన తర్వాత బావినే చెత్తకుండీ చేయడానికి మాత్రం ఏ కారణమూ లేదు.

నగరం సంగతి కొంచెం వేరు. ఇక్కడ బావిని చంపింది దూరపు నీరు. 1908 మూసీ వరద తర్వాత 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వచ్చాయి. తర్వాత మంజీరా, సింగూరు. 2004 నుంచి కృష్ణ, 2015 నుంచి గోదావరి. వందకు పైగా కిలోమీటర్ల దూరం నుంచి నీళ్లు పంపు చేసుకుంటున్న ఊరికి పెరటి బావి ఎందుకు గుర్తుంటుంది? అది పూడిస్తే రెండు గదులు పడతాయి. కానీ గొట్టం నీరు అందరికీ సరిపోయింది లేదు. మిగిలిన లోటును బోరు పూడ్చింది. తవ్విన బావి లోతు దాటి, చివికిన పొర దాటి, వెయ్యి అడుగుల దాకా రాతి పగుళ్లలో పాత నీటి కోసం వెతుకులాట. 2024 వేసవిలో నగరంలో ట్యాంకర్ బుకింగులు ఎగబాకినప్పుడు ఆ వెతుకులాట ఎక్కడికి వచ్చిందో అమీర్‌పేట హాస్టళ్ల వాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది.

పూడ్చిన బావి ఊరుకోదు కూడా. 2023 మార్చి 30, శ్రీరామనవమి. ఇందోర్‌లో ఒక గుడిలో హోమం జరుగుతుండగా నేల కుంగింది. కింద పాత మెట్లబావి. దాని మీద స్లాబు వేసి గుడి విస్తరించారు. 36 మంది చనిపోయారు. పాత బావులు ఎక్కడున్నాయో పటంలో గుర్తుపెట్టుకోవడం వారసత్వ అభిమానుల సరదా మాత్రమే కాదని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. మన నగరంలో నేల మీది కట్టడాలకైతే కొంత గొంతు ఉంది. పంజాగుట్ట దగ్గరి ఎర్రమంజిల్ ప్యాలెస్‌ను కూల్చి శాసనసభ కట్టాలనుకుంటే జనం హైకోర్టు మెట్లెక్కారు, 2019 సెప్టెంబర్‌లో కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. నేల కింద ఉన్న బావులకు అంత అదృష్టం పట్టలేదు.

ఇప్పుడు పునరుద్ధరణల దగ్గరికి వద్దాం. తెలంగాణలో అందరి నోటా పడింది సికింద్రాబాద్‌లోని బన్సీలాల్‌పేట బావి. పదిహేడో శతాబ్దానిదని చెబుతారు. 1933లో ఆ ప్రాంతాన్ని ఆదర్శ గ్రామంగా తీర్చిదిద్ది, డబ్బిచ్చిన సేఠ్ బన్సీలాల్ పేరు పెట్టారు. తర్వాత దశాబ్దాల తరబడి బావి చెత్తతో నిండి, చివరికి అక్కడ బావి ఉందన్న సంగతే మరుగున పడిపోయింది. ఆర్కిటెక్ట్ కల్పనా రమేష్ నడిపే రెయిన్‌వాటర్ ప్రాజెక్ట్, జీహెచ్‌ఎంసీ కలిసి వేల టన్నుల పూడిక తీయించాయి. ఆరు అంచెల బావి తేలింది. 2022 డిసెంబర్ 5న అప్పటి మంత్రి కేటీఆర్ ప్రారంభించారు. చుట్టూ గ్యాలరీ, మెట్ల వేదిక, రాత్రి రంగు దీపాలు. చెత్త అడుగు నుంచి ఊట మళ్లీ రావడం చూసినవాళ్ల ఆనందం నిజమైనది, దాన్ని తక్కువ చేయను. ఊట ఉందని రుజువైంది, అది చిన్న విషయం కాదు. కానీ ఫొటోలు తీసుకునేవాళ్లు ఎంతమంది, ఆ నీటితో చుట్టుపక్కల ఏ పని జరుగుతోంది అనే రెండు ప్రశ్నల్లో మొదటిదానికి దొరికేంత సులువుగా రెండోదానికి జవాబు దొరకదు.

ఈ విషయంలో గోల్కొండ వైపు పని నాకు ఎక్కువ నచ్చింది. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013లో వానకు బడీ బావలీ గోడ కూలిపోయింది. ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ ఆ ప్రాంగణమంతా చేపట్టి, డంగు సున్నంతో, పాత పద్ధతిలో రాతి పని చేయించింది. బావులను బాగుచేసి, వాటిలో పట్టిన వాననీటిని అక్కడి చెట్లకూ పచ్చికకూ వాడటం మొదలుపెట్టారు. 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో గోల్కొండ మెట్లబావులకు అవార్డ్ ఆఫ్ డిస్టింక్షన్ వచ్చింది. పురస్కారం మాట అలా ఉంచితే, అక్కడ బావి కట్టినప్పటి పనికే తిరిగొచ్చింది. తోటకు నీళ్లు పెడుతోంది.

జిల్లాల్లో కామారెడ్డి జిల్లా లింగంపేటలోని నాగన్న బావి, నారాయణపేటలోని బారం బావి బాగుపడ్డాయి. రెండూ లోతైనవి, చూడదగ్గవి. హైదరాబాద్ నుంచి ఒక్కరోజులో వెళ్లి రావచ్చు. వాటి గురించి ఇంతకంటే ఎక్కువ రాయను, ఎందుకంటే అక్కడ తేలాల్సిన సంగతి ఇంకా తేలలేదు: పూడిక తీయడానికి ఒకసారి డబ్బు వస్తుంది, ఏటా నాచు తీయడానికి, మెట్ల సందుల్లో మొలిచే రావి మొక్క పీకడానికి ఎవరు వస్తారు? 2015లో మొదలైన మిషన్ కాకతీయ చెరువుల పూడిక తీసింది, అది బావులకూ మేలు చేసిందే. అయితే అక్కడా పెద్ద పని ఒకసారి జరిగింది, చిన్న పని ఏటా జరగాలి. పాత కాలంలో ఆ చిన్న పనికి నీరటివాళ్లుండేవారు, వాళ్లకు మాన్యాలుండేవి. ఇప్పుడు ఆ పనికి పద్దు లేదు.

పంజాగుట్టలో కొత్తగా మెట్లబావి తవ్వలేం. చట్టం మాత్రం ఉంది. నీరు, భూమి, చెట్ల రక్షణ కోసం 2002లో వచ్చిన వాల్టా చట్టం ప్రకారం ఒక స్థాయి విస్తీర్ణం దాటిన స్థలాల్లో ఇంకుడు గుంత ఉండాలి. అపార్ట్‌మెంటు ప్లాన్‌లో అది ఉంటుంది, సెల్లారులో చాలాసార్లు కారు నిలుస్తుంది. గుంత ఉన్నచోట కూడా అది పనిచేస్తోందా లేదా అన్నది ఎవరికీ కనిపించదు, ఎందుకంటే భూగర్భజలం కంటికి కనిపించేది కాదు. ప్రభుత్వ భూగర్భజల శాఖ నెలనెలా కొలతలు తీస్తుంది, కానీ కొలిచే గొట్టం తాళం కింద ఉంటుంది, అంకెలు నివేదికల్లో ఉంటాయి. మెట్లబావి ఇదే కొలతను బజార్లో పెట్టింది. ఎన్నో మెట్టు బయటపడిందో చూసి ఊరు వంటకూ పంటకూ లెక్క వేసుకునేది. గోల్కొండలోనూ బన్సీలాల్‌పేటలోనూ కోట్లు ఖర్చుపెట్టిన చోట ఈ వాడకాన్ని తిరిగి తేవడానికి కావలసింది రంగు డబ్బా ఒకటి, బోర్డు ఒకటి. మెట్లకు అంకెలు వేయాలి. ప్రతి నెలా ఒకటో తేదీన నీరు ఎన్నో మెట్టు దగ్గరుందో రాయాలి. పక్కన కిందటేడు ఇదే నెలలో ఎక్కడుందో రాయాలి. దాని కింద ఆ నెలలో బావి నుంచి ఎంత నీరు తోడారో, ఏ పనికి తోడారో రాయాలి. రాసేవాడికి జీతమివ్వాలి.